పురుగుల మందు కేసులో విసెరా రిపోర్ట్ నెగెటివ్: ఫైనల్ ఒపీనియన్ ఎలా రాయాలి?

ఏరియా_ఎంఓ

అందరికీ నమస్కారం. కేసు ఎవరిదో తెలియకుండా వివరాలు కుదించి రాస్తున్నాను.

ముప్ఫైల్లో ఉన్న మగమనిషి. పురుగుల మందు తాగాడని బంధువులు ఆసుపత్రిలో చేర్చారు. ఏ మందో తెలియదు, డబ్బా తేలేదు. కంటిపాపలు సూదిమొనల్లా, నోట్లో చొంగ, చెమటలు, కండరాలు అదరడం కేస్ షీట్‌లో ఉన్నాయి. కడుపు కడిగారు. అట్రోపిన్, పామ్ (రెండూ విరుగుడు మందులు), మిడజోలమ్ (మత్తు మందు) ఇచ్చారు. రెండో రోజు మెడ లేపలేకపోయాడు, శ్వాస తగ్గింది, వెంటిలేటర్ పెట్టారు. ఐదో రోజు మరణం. పోస్టుమార్టంలో ఊపిరితిత్తులు బరువెక్కి ఉన్నాయి, కోస్తే నురగ వచ్చింది, అక్కడక్కడా గట్టిపడ్డాయి. మెదడు ఉబ్బింది. కడుపులో 30 మి.లీ. పసరు తప్ప ఏమీ లేదు, వాసన లేదు. రొటీన్ విసెరా (విష పరీక్షకు తీసే లోపలి అవయవాల భాగాలు) ఉప్పునీళ్లలో పెట్టి పంపాం.

ఇప్పుడు ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్ట్ వచ్చింది: విష పదార్థాలేవీ కనబడలేదు. సీఐ గారు ఫైనల్ ఒపీనియన్, అంటే మరణ కారణంపై తుది అభిప్రాయం, అడుగుతున్నారు. ఐదు రోజులకే విషం ఆనవాలు లేకుండా పోతుందా? పోతే నేనేం రాయాలి? ఇకముందు కేసుల్లో ఏమేం తీసి పెట్టాలి?

---

మార్చురీ_మాస్టారు

పోతుంది, అందులో వింతేమీ లేదు. మన జిల్లాల్లో ఎక్కువగా కనిపించే మోనోక్రోటోఫాస్ నీళ్లలో బాగా కరుగుతుంది. లివర్ దాన్ని విరగ్గొడుతుంది, మిగిలింది మూత్రంలో పోతుంది. తొలి గంటల్లో కడుపు కడగడం, తర్వాత ఐదు రోజులు సెలైన్లు, ఆపైన ఐదు రోజుల మూత్రం. పోస్టుమార్టం టేబుల్ మీద మనం తీసే లివర్‌లో అసలు మందు ఉండాలని ఆశించడమే ఎక్కువ. ఫెంథియాన్ లాంటి కొవ్వులో కరిగేవి మాత్రం కొవ్వులో దాక్కుని రోజుల తరబడి నెమ్మదిగా రక్తంలోకి వస్తుంటాయి. అందుకే ఆసుపత్రిలో రోజులు గడిచిన కేసుల్లో పొట్ట మీది కొవ్వు 50 గ్రాములైనా విడిగా తీయమని చెప్తాం. ఎవరూ తీయరు.

ఒక సంగతి మాత్రం తేల్చుకోవాలి. మీ వివరాల్లో చొంగ, సూదిమొన కంటిపాప, కండరాల అదురు తొలిరోజు ఉన్నాయి. మెడ పడిపోవడం, శ్వాస తగ్గడం 24 నుంచి 96 గంటల మధ్య వచ్చాయి. ఇది ఆర్గానోఫాస్ఫరస్ (మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందుల రకం) విషంలో ఇంటర్మీడియట్ సిండ్రోమ్‌కి (తొలి లక్షణాల తర్వాత కండరాలు చచ్చుబడే దశకి) అచ్చంగా సరిపోయే నడక. అడ్మిషన్ రోజున సూడోకోలినెస్టరేజ్ (ప్లాస్మా కోలినెస్టరేజ్, ఈ మందులు అణచేసే రక్తంలోని ఎంజైమ్) చేశారా? చేసుంటే ఆ అంకె, ఆ ల్యాబ్ నార్మల్ రేంజ్ రెండూ ఇక్కడ పెట్టండి. మీ ఒపీనియన్‌కి ఆధారం అదే అవుతుంది, విసెరా రిపోర్ట్ కాదు.

---

టాక్స్_బెంచ్

ల్యాబ్ వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే "నెగెటివ్" అన్న మాటని బయట చాలా పెద్దగా చదువుతున్నారు.

సీసా వచ్చాక సీల్ సరిపోల్చుతాం, కణజాలాన్ని సన్నగా తరుగుతాం. సేంద్రియ విషాలకి ద్రావకంతో పిండి తీస్తాం, శుద్ధి చేస్తాం, టీఎల్‌సీ (పదార్థాలను విడదీసే పలుచని పొర) ప్లేట్ మీద పరుగెత్తిస్తాం. గంధకం ఉన్న ఆర్గానోఫాస్ఫరస్ మందులకి పల్లాడియం క్లోరైడ్ చల్లితే పసుపు, గోధుమ మచ్చలు లేస్తాయి. అనుమానం ఉంటే అణువుని గుర్తించే యంత్రం జీసీ-ఎంఎస్‌లో నిర్ధారిస్తాం. ఆవిరయ్యేవాటికి సీసాలోని గాలిని పరీక్షించే హెడ్‌స్పేస్ జీసీ. లోహాలది వేరే దారి. అంటే ఒక్కో విషానికి ఒక్కో తలుపు. ఫార్వర్డింగ్ లెటర్‌లో "విషం ఉందో లేదో పరీక్షించగలరు" అని మాత్రమే రాస్తే మామూలు తలుపులు తడతాం.

మామూలు తలుపులకి దొరకనివి చాలానే ఉన్నాయి. పారాక్వాట్ విద్యుదావేశం ఉన్న అణువు, సాధారణ ద్రావకంలోకి రానే రాదు. సెల్ఫాస్ (అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల) వాయువుగా పోతుంది. పాము విషం, ఇన్సులిన్ రొటీన్‌లో చూడం. పచ్చ గన్నేరు, గురివింద లాంటివి పేరు పెట్టి అడిగితే తప్ప వెతకడం కష్టం. అందుకే లెటర్‌లో లక్షణాలు నాలుగు ముక్కల్లో, అనుమానిస్తున్న మందు పేరు, తాగిన సమయం, చనిపోయిన సమయం, ఇచ్చిన మందుల జాబితా రాయండి. అర పేజీ చాలు.

ఏరియా_ఎంఓ గారూ, మీ రిపోర్ట్‌లో అట్రోపిన్, మిడజోలమ్ ప్రస్తావన ఉందా?

---

ఏరియా_ఎంఓ

లేదు మేడమ్. "ఆర్గానోఫాస్ఫరస్, ఆర్గానోక్లోరిన్, కార్బమేట్, పైరిథ్రాయిడ్ క్రిమిసంహారకాలు కనబడలేదు" అని పేర్లతో ఉంది. అంతే.

మాస్టారు గారూ, సూడోకోలినెస్టరేజ్ అడ్మిషన్ నాడు 310. ఆ ల్యాబ్ రేంజ్ 5,300 నుంచి 12,900. మూడో రోజు 420. ఆ తర్వాత చేయలేదు.

---

టాక్స్_బెంచ్

చూడండి, ఇదే నేను అడగాలనుకున్నది. ఐదు రోజులు అట్రోపిన్ ఇన్ఫ్యూజన్ నడిచిన మనిషి లివర్‌ని పరీక్షించి ఇచ్చిన రిపోర్ట్‌లో అట్రోపిన్ మాటే లేదు. రెండే అర్థాలు. పురుగుమందుల వరకే వెతికారు, చికిత్స మందుల జోలికి పోలేదు. లేదా వెతికారు గానీ శాంపిల్ దొరికే స్థితిలో లేదు. మొదటిదే ఎక్కువ సాధ్యం. కనీసం ఆ శరీరంలో ఉందని మనకు కచ్చితంగా తెలిసిన మందు కూడా ఈ కాగితంలో కనబడలేదని మీ ఒపీనియన్‌లో రాసుకోవచ్చు. కోర్టులో ఆ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది. ల్యాబ్‌కి ఉత్తరం రాసి ఏ పద్ధతులు వాడారో, ఏ పరిమితి వరకు పట్టగలరో అడగడం మీ హక్కు.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. ఆసుపత్రి మందుల జాబితా పంపకపోతే, అట్రోపిన్ కనబడగానే ఉమ్మెత్త అనుకునే ప్రమాదం. ఉమ్మెత్తలో హయోసిన్, అంటే స్కోపొలమిన్ కూడా ఉంటుంది. రెండూ కలిసి కనబడితే చెట్టు గురించి ఆలోచించాలి, ఒక్క అట్రోపినే ఉంటే ముందు కేస్ షీట్ చూడాలి.

---

ఎఫ్‌ఎంటీ_పీజీ

310 అంటే ఆర్గానోఫాస్ఫరస్ ఖాయం అనుకోవచ్చా? కార్బమేట్ కూడా తగ్గిస్తుంది కదా సర్?

---

మార్చురీ_మాస్టారు

తగ్గిస్తుంది, కానీ కార్బమేట్ పట్టు దానంతటదే వదిలిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో అంకె బాగా పైకి రావాలి. ఇక్కడ మూడో రోజుకి 310 నుంచి 420. కదల్లేదనే లెక్క. ప్లాస్మా ఎంజైమ్ లివర్ జబ్బులో, పోషకాహార లోపంలో, గర్భంలో, కొందరికి పుట్టుకతోనే తక్కువ ఉంటుంది నిజమే. వాటిలో ఇంతగా పడిపోవడం అరుదు. పైగా చొంగ, సూదిమొన కంటిపాప ఉండవు. అంకెని లక్షణాలతో కలిపి చదవాలి. ఎర్రకణాల ఎంజైమ్ చేసి ఉంటే ఇంకా గట్టి సాక్ష్యం. అది కొత్త కణాలు పుడితేనే తిరిగొస్తుంది, రోజుకి సుమారు ఒక శాతం.

పామ్ ఇచ్చినా ఎంజైమ్ ఎందుకు లేవలేదని కోర్టు క్రాస్‌లో అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. మోనోక్రోటోఫాస్ లాంటి డైమిథైల్ రకాల్లో పట్టుబడిన ఎంజైమ్ కొన్ని గంటల్లోనే ముదిరిపోతుంది, దాన్నే ఏజింగ్ అంటాం. సగం ముదరడానికి పట్టే సమయం నాలుగు గంటల లోపే. క్లోర్‌పైరిఫాస్ లాంటి డైఈథైల్ రకాల్లో ఇది ముప్ఫై గంటల పైచిలుకు. ముదిరాక పామ్‌తో పని జరగదు.

శవం నుంచి తీసిన రక్తంతో కోలినెస్టరేజ్ చేయించాలంటే ఒక జాగ్రత్త. సోడియం ఫ్లోరైడ్ ఆ ఎంజైమ్‌నే అణచేస్తుంది. ఫ్లోరైడ్ కలిపిన సీసాలో అంకె తక్కువ వస్తే అది విషమో ప్రిజర్వేటివో ఎవరూ చెప్పలేరు. దానికి హెపారిన్ ట్యూబ్ విడిగా తీయాలి.

---

ఐఓ_సర్కిల్

పోలీసు వైపు నుంచి కొన్ని మాటలు. ఫైనల్ ఒపీనియన్ కోసం మేం వెంటపడతామని విసుక్కోవద్దు. సెక్షన్ 194 బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) కింద అసహజ మరణం కేసు ముగించాలన్నా, సెక్షన్ మార్చాలన్నా ఆ కాగితమే కావాలి. కుటుంబానికి ఇన్సూరెన్స్, పరిహారం ఫైళ్లు కూడా దాని దగ్గరే ఆగుతాయి.

డబ్బా విషయంలో తప్పు సాధారణంగా మా వైపే జరుగుతుంది. పొలం గట్టు మీదో, గొడ్ల సావిట్లోనో ఖాళీ డబ్బా దొరుకుతుంది, పంచనామాలో రాస్తారు, తర్వాత స్టేషన్ అల్మారాలోనే ఉండిపోతుంది. విసెరాతో పాటు, ల్యాబ్‌కి రాసే లెటర్ ఆఫ్ అడ్వైస్‌లో దాన్ని కూడా ఐటమ్‌గా చూపించి పంపాలి. మూత బిగించి, విడిగా, విసెరా పెట్టెలో కాకుండా. డబ్బాలో చుక్క మిగిలి, మూత వదులై, అదే పెట్టెలో విసెరా సీసా ఉంటే డిఫెన్స్‌కి ఇంకేం కావాలి! జప్తుని ఆడియో వీడియోలో రికార్డు చేయాలని అదే చట్టం సెక్షన్ 105 చెప్తోంది, అది కూడా మరవకూడదు.

లేబుల్ చిరిగిపోయినా రంగు గుర్తు మిగలొచ్చు. నిలబెట్టిన చతురస్రంలో కింది సగం ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే దాని తర్వాతిది, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. మోనోక్రోటోఫాస్ ఎరుపు. పారాక్వాట్ పసుపు. పంచనామాలో ఆ రంగు రాస్తే డాక్టరుకి, ల్యాబ్‌కి ఇద్దరికీ పనికొస్తుంది.

---

టాక్స్_బెంచ్

పైన చెప్పినదానికి ఒక చేర్పు. డబ్బా మీది పేరు చూసి లోపలిది అదే అనుకోవద్దు. ఊళ్లో ఒకరి దగ్గర కొని ఇంకో సీసాలో పోసుకోవడం మామూలు. మిశ్రమాలు కూడా ఉంటాయి: ప్రొఫెనోఫాస్ 40 శాతం, సైపర్‌మెత్రిన్ 4 శాతం కలిపి ఒకే డబ్బాలో వస్తుంది. రిపోర్ట్‌లో సైపర్‌మెత్రిన్ ఒక్కటే కనబడితే ఆర్గానోఫాస్ఫరస్ లక్షణాలు ఎక్కడివని కంగారు పడక్కర్లేదు. ప్రొఫెనోఫాస్ వైపు మళ్లీ చూడమని అడగండి.

---

ఎఫ్‌ఎంటీ_పీజీ

ప్రిజర్వేటివ్ గురించి ఒకసారి అంతా ఒక్కచోట చెప్పగలరా? మా దగ్గర అటెండర్లు సీసాలు సిద్ధం చేస్తారు, ఏది ఎంత కలుపుతున్నారో రాసి ఉండదు.

---

మార్చురీ_మాస్టారు

రాసి ఉండకపోతే మీరే కలపండి. గది వేడిలో 100 మి.లీ. నీళ్లలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. లీటరు నీళ్లకి 400 గ్రాములు వేసి బాగా కలిపి వదిలేస్తే అడుగున కొంచెం కరగకుండా మిగలాలి. మిగిలితేనే సంతృప్త ద్రావణం. గుప్పెడు ఉప్పు వేసి పూర్తిగా కరిగిపోయిందని సంతోషిస్తే అది వట్టి ఉప్పునీళ్లు, అందులో లివర్ కుళ్లుతుంది. ఉప్పు ఎక్కడిదైనా సరే, అదే గిన్నెలోంచి ఒక చిన్న సీసా ప్రిజర్వేటివ్ కూడా సీల్ చేసి పంపాలి. విషం ఉప్పులోనే ఉందేమో అన్న ప్రశ్నకు అది జవాబు.

సీసాల లెక్క పాతదే. ఒకటో సీసాలో కడుపు మొత్తం, లోపలున్నదానితో సహా, దాంతోపాటు చిన్నపేగు పైభాగం 30 సెం.మీ. కడుపు రెండు చివరలా కట్టి బయటికి తీసి, పెద్ద వంపు వెంట కోసి, లోపలి పొర చూశాకే సీసాలో వేయాలి. రెండో దాంట్లో లివర్ 500 గ్రాములు, పిత్తాశయంతో. అందులోనే రెండు కిడ్నీల్లోంచీ చెరో సగం. ఒక కిడ్నీ పనిచేయనిదై ఉండొచ్చు, అందుకే రెండిట్లోంచీ. చిన్నపిల్లలైతే అవయవాలు మొత్తంగా. లివర్‌ని ముద్దగా పడేయకుండా ముక్కలు కోస్తే ఉప్పు లోపలికి దిగుతుంది. సీసా మూడింట రెండొంతులే నింపాలి. కుళ్లు వాయువుకి చోటు లేకపోతే దారిలోనే మూత ఎగురుతుంది.

రక్తం 10 మి.లీ. తొడ సిర నుంచి, పైకి కట్టేసి, సిరంజితో. గుండెలోంచి, ఛాతీ కుహరంలో నిలిచిన దాంట్లోంచి ముంచి తీయొద్దు. చనిపోయాక లివర్, ఊపిరితిత్తుల్లోంచి మందులు గుండె రక్తంలోకి జారి అంకె పెంచుతాయి. మిల్లీలీటరుకి 10 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్, 3 మి.గ్రా. పొటాషియం ఆక్సలేట్. షుగర్ టెస్టుకి వాడే బూడిద రంగు మూత ట్యూబ్‌లో ఫ్లోరైడ్ మిల్లీలీటరుకి 2.5 మి.గ్రా. మాత్రమే. చక్కెరకి చాలు, ఆల్కహాల్ కేసుకి చాలదు, సూక్ష్మజీవులు అందులో ఇంకా పనిచేస్తాయి. మూత్రం 30 మి.లీ., మూత్రాశయం పైనుంచి సూది గుచ్చి.

ఉప్పునీళ్లు పనికిరాని చోట్లు: యాసిడ్, క్షారం తాగిన కేసులు, మెర్క్యూరిక్ క్లోరైడ్, నాభి (అకోనైట్ అనే విషపు మొక్క). యాసిడ్‌కి రెక్టిఫైడ్ స్పిరిట్. స్పిరిట్ పనికిరాని చోట్లు: ఆల్కహాల్, ఫినాయిల్ తరహా ఫీనాల్, ఫాస్ఫరస్, క్లోరోఫామ్, ఎసిటిక్ యాసిడ్.

ఫార్మాలిన్ ఎప్పుడూ, ఏ విసెరాకీ వద్దు. అది హిస్టోపాథాలజీకి (కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూసే పరీక్షకి). మార్చురీలో రెండు డ్రమ్ములు పక్కపక్కన ఉండి, లేబుల్ చెరిగిపోయి ఉంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. కణజాలం రాయిలా బిగుస్తుంది, ద్రావకంలోకి ఏదీ దిగదు.

---

ఎఫ్‌ఎంటీ_పీజీ

సెల్ఫాస్ కేసులో కూడా ఇదే సెట్టా?

---

టాక్స్_బెంచ్

సెట్ ఇదే, కానీ మూత గాలి చొరనివ్వకూడదు, ఆలస్యం అసలు కూడదు. 3 గ్రాముల బిళ్లలో 56 శాతం అల్యూమినియం ఫాస్ఫైడ్, ఒక్కో బిళ్ల సుమారు గ్రాము ఫాస్ఫీన్ వదులుతుంది. ఉత్త లివర్ వచ్చి, కడుపులోని పదార్థం రాకపోతే నెగెటివ్ వచ్చే అవకాశమే ఎక్కువ.

బెడ్ దగ్గరో, మార్చురీలోనో చేయగల పరీక్ష ఉంది. కడుపులోంచి తీసింది 5 మి.లీ., నీళ్లు 15 మి.లీ. ఫ్లాస్కులో పోయండి. 0.1 నార్మల్ సిల్వర్ నైట్రేట్‌లో ముంచిన వడపోత కాగితం మూతి మీద పెట్టి, 50 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు వేడి చేయండి. కాగితం నల్లబడితే ఫాస్ఫీన్ అని అనుమానం. ఇక్కడే బోల్తాపడేది: కుళ్లిన కడుపులోని హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా అదే కాగితాన్ని నల్లగా చేస్తుంది. పక్కన లెడ్ ఎసిటేట్ కాగితం ఒకటి పెట్టండి. రెండూ నల్లబడితే సల్ఫైడ్ ఉందన్నమాట, ఆ పరీక్షతో ఫాస్ఫీన్ ఉందని చెప్పలేరు. సిల్వర్ ఒక్కటే నల్లబడితే మాట గట్టిది. ఏదైనా ఇది ప్రాథమికమే, నిర్ధారణ హెడ్‌స్పేస్ జీసీతోనే.

కడుపు తెరిచేటప్పుడు కిటికీలు తీసి, ఎగ్జాస్ట్ వేసి, మొహం దూరంగా పెట్టండి. వెల్లుల్లి లేదా కుళ్లిన చేప వాసన వచ్చిందంటే మీరు కూడా ఆ వాయువు పీలుస్తున్నట్టే.

---

హిస్టో_స్లైడ్

ఇంతవరకూ ఎవరూ కణజాల పరీక్ష ఊసెత్తలేదు. విసెరా నెగెటివ్ వచ్చినప్పుడు హిస్టోపాథాలజీ లేకపోవడం ఇంకా పెద్ద లోటు. ఆర్గానోఫాస్ఫరస్‌కి ప్రత్యేకమైన సూక్ష్మదర్శిని గుర్తు ఏదీ లేదు, ఒప్పుకుంటాను. కానీ గుండె కొరోనరీలో గడ్డ లేదని, మెదడులో రక్తస్రావం లేదని, ఊపిరితిత్తుల గట్టిదనం వెంటిలేటర్ న్యుమోనియా అని చెప్పాలంటే స్లైడ్ కావాలి కదా. వేరే కారణాలు కాదని చూపించడానికే దాని ఉపయోగం.

కొన్నిట్లో మాత్రం స్లైడే కేసు తేలుస్తుంది. పారాక్వాట్‌లో వారం రెండు వారాలు బతికిన మనిషి ఊపిరితిత్తి రబ్బరులా బిగుసుకుపోయి, గాలిగదులు ఫైబ్రస్ కణజాలంతో నిండి ఉంటాయి. అప్పటికి రక్తంలో మందు ఉండదు. హెయిర్ డై, అంటే పీపీడీ తాగిన కేసుల్లో మొహం, మెడ వాపు, ముదురు గోధుమ మూత్రం, కిడ్నీ గొట్టాల్లో మయోగ్లోబిన్ దిమ్మలు, కండరంలో నెక్రోసిస్. కండరం ముక్క ఎవరూ పంపరు. తొడలోంచి ఒకటి తీయండి.

ముక్క మందం 1 సెం.మీ. మించకుండా, ఫార్మాలిన్ 10 శాతం, ముక్కకి పది రెట్లు. ఇరుకు సీసాలో లివర్ కుక్కి పైన కాస్త ఫార్మాలిన్ పోస్తే నడుమ కుళ్లిపోయి మాకు చేరుతుంది.

---

ఎఫ్‌ఎంటీ_పీజీ

పారాక్వాట్ అనుమానం ఉంటే విసెరా ఎలా పంపాలి మరి?

---

టాక్స్_బెంచ్

ప్లాస్టిక్ సీసాలో. పారాక్వాట్ గాజు గోడకి అంటుకుంటుంది, తక్కువ మోతాదు ఉన్న రక్తం, మూత్రం గాజు ట్యూబ్‌లో వస్తే ఉన్నది కూడా పోతుంది. ఊపిరితిత్తి తప్పనిసరిగా విడి సీసాలో, మందు అక్కడ పోగవుతుంది. మూత్రం దొరికితే ఆసుపత్రిలోనే డైథయొనైట్ పరీక్ష చేయించవచ్చు: 10 మి.లీ. మూత్రానికి, 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో అప్పటికప్పుడు కలిపిన 1 శాతం సోడియం డైథయొనైట్ 2 మి.లీ. నీలం వస్తే పారాక్వాట్, ఆకుపచ్చ వస్తే డైక్వాట్. డైథయొనైట్ పొడి పాతబడితే పనిచేయదు. కాబట్టి పక్కన పారాక్వాట్ కలిపిన మూత్రంతో కంట్రోల్ నడపకుండా "నెగెటివ్" అనొద్దు.

---

క్రిమినల్_బార్

డాక్టర్లు కెమిస్ట్రీ బాగా చెప్పారు. నేను ఆ కాగితం కోర్టులో ఎలా నలుగుతుందో చెప్తాను.

ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్ట్ సెక్షన్ 329 బీఎన్‌ఎస్‌ఎస్ కింద, అంటే పాత 293 సీఆర్‌పీసీ, సంతకం చేసినవారు ఆ జాబితాలోని అధికారి అయితే నిపుణుణ్ణి పిలవకుండానే సాక్ష్యంగా వాడుకోవచ్చు. పోస్టుమార్టం డాక్టర్ ఆ జాబితాలో లేడు. కాబట్టి బోనెక్కి వివరణ ఇవ్వాల్సింది మీరే. "విషం కనబడలేదని ల్యాబ్ చెప్తుంటే మీరు విషం వల్ల అంటున్నారు, దేని ఆధారంగా?" మొదటి ప్రశ్న ఇదే. ఆధారాలు ఒపీనియన్‌లోనే లేకపోతే, బోనులో అప్పటికప్పుడు చెప్పిన మాటకి బరువు ఉండదు.

విషం రసాయనికంగా దొరకకపోయినా విషమరణం రుజువవ్వచ్చని సుప్రీంకోర్టు 1960లోనే అనంత్ చింతామణ్ లాగూ కేసులో చెప్పింది, ఆధారాలన్నీ కలిపి చూడాలంది. ఇంకోపక్క 1984లో శరద్ బిర్ధీచంద్ సార్డా తీర్పు విషంతో హత్య కేసులో నాలుగు అంశాలు చూడమంది: ఉద్దేశం, మరణం ఆ విషం వల్లే కావడం, నిందితుడి దగ్గర ఆ విషం ఉండటం, దాన్ని ఇచ్చే అవకాశం. రెండోది మీ ఒపీనియన్ మీదే నిలబడుతుంది. పెళ్లయి ఏడేళ్లు దాటని స్త్రీ కేసుల్లో అయితే బీఎన్‌ఎస్ 80 (వరకట్న మరణం), 108 (ఆత్మహత్యకు ప్రేరేపణ) రెండూ ముందుకొస్తాయి, అక్కడ ఒక్క పదం అటూ ఇటూ అయినా రెండు పక్షాలూ వాడుకుంటాయి.

నా అభిప్రాయం: "విషం వల్ల మరణం" అని సూటిగా రాయకండి. "మరణ కారణం నిర్ణయించలేం" అని రాస్తే సురక్షితం.

---

మార్చురీ_మాస్టారు

ఎవరికి సురక్షితం లాయర్ గారూ? డాక్టరుకి. కేసుకి కాదు. లక్షణాలు, ఎంజైమ్ అంకె, చికిత్స నడక, శవపరీక్ష అన్నీ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు "నిర్ణయించలేం" అనడం పని తప్పించుకోవడమే. ఎటూ తేలని కేసుకి ఆ మాట దాచుకోవాలి. ఇంట్లో చనిపోయి, కేస్ షీట్ లేక, శవం కుళ్లి, విసెరా కూడా నెగెటివ్ అయితే అక్కడ నిజాయితీగా అదే రాయాలి.

"కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని రాసి చేతులు దులుపుకోవడం ఇంకా ఘోరం. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె, ఊపిరి ఆగుతాయి. అది కారణం కాదు.

---

క్రిమినల్_బార్

అయితే ఆధారాలు వరుసగా రాసి, ఎంతవరకు చెప్పగలరో అంతవరకే చెప్పాలి. దానికి నాకు అభ్యంతరం లేదు. "ఆత్మహత్య" అన్న మాట మాత్రం రాయొద్దు. తాగాడా, తాగించారా, పొరపాటా అన్నది డాక్టర్ తేల్చే విషయం కాదు.

---

మార్చురీ_మాస్టారు

అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఏరియా_ఎంఓ గారూ, ముసాయిదా ఇదిగో, మీ వివరాలకి సర్దుకోండి:

"కేస్ షీట్‌లో నమోదైన లక్షణాలు, అడ్మిషన్ నాటి ప్లాస్మా కోలినెస్టరేజ్ విలువ 310 యూనిట్లు (ఆ ల్యాబ్ రేంజ్ 5,300 నుంచి 12,900), మూడో రోజు 420, చికిత్సా క్రమం, శవపరీక్షలో, కణజాల పరీక్షలో కనబడిన అంశాలు పరిశీలించిన మీదట, కోలినెస్టరేజ్‌ని అణచే క్రిమిసంహారకం, బహుశా ఆర్గానోఫాస్ఫరస్ రకం, శరీరంలో చేరడం వల్ల కలిగిన శ్వాసకోశ వైఫల్యంతో మరణం సంభవించిందని నా అభిప్రాయం. రసాయన పరీక్షలో విషం కనబడకపోవడం ఐదు రోజుల చికిత్స, కడుపు కడగడం, శరీరం నుంచి విసర్జన కారణంగా కావచ్చు. ఆ రిపోర్ట్‌లో చికిత్సలో ఇచ్చిన మందుల ప్రస్తావన కూడా లేదు."

మందు పేరు రాయకండి, అది మనకు తెలియదు. కణజాల పరీక్ష చేయించకపోతే ఆ మాట తీసేయండి. కేస్ షీట్ నకలు జతచేసి, పేజీ నంబర్లు వేయండి.

---

ఐఓ_సర్కిల్

డాక్టర్ గారూ, ఆసుపత్రి బయోకెమిస్ట్రీలో అడ్మిషన్ రక్తం ఇంకా ఉందేమో కనుక్కోమని ఒక రిక్విజిషన్ నాకు రాసివ్వండి. మేం నోటీసు ఇచ్చి జప్తు చేస్తాం. కొన్నిచోట్ల ఎంఎల్‌సీ (పోలీసు కేసు) శాంపిళ్లు ఫ్రీజర్‌లో నెలలపాటు పెడతారు, కొన్నిచోట్ల వారంలో పారేస్తారు. కడుపు కడిగిన తొలి నీళ్లు కూడా అలాగే అడుగుతాం, దొరికేది తక్కువే అయినా.

---

ఏరియా_ఎంఓ

ఇప్పుడే ఫోన్ చేశాను. అడ్మిషన్ నాటి ప్లాస్మా 2 మి.లీ., మైనస్ 20 ఫ్రీజర్‌లో ఉందట. మూత మీద ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్, తేదీ ఉన్నాయి. గ్యాస్ట్రిక్ నీళ్లు లేవు. దీన్ని ఎలా పంపాలి? ఫ్లోరైడ్ కలపాలా?

---

టాక్స్_బెంచ్

ఇప్పుడేమీ కలపొద్దు, కరగనివ్వొద్దు కూడా. ట్యూబ్ అలాగే, మూత మీద పారాఫిల్మ్ చుట్టి, పెద్ద ప్లాస్టిక్ సీసాలో పెట్టి సీల్ వేయండి. థర్మోకోల్ పెట్టెలో గడ్డకట్టిన జెల్ ప్యాక్‌ల మధ్య పెట్టి, కానిస్టేబుల్ చేతికిచ్చి అదే రోజు చేర్చండి, కొరియర్ వద్దు. ఫ్రీజర్ రిజిస్టర్‌లో ఆ శాంపిల్ ఎప్పుడు లోపలికి వెళ్లింది, ఎవరు తీశారు అన్న పేజీ జిరాక్స్ జతచేయాలి. లేకపోతే ఇది అతని రక్తమేనా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

కొత్త లెటర్ ఆఫ్ అడ్వైస్‌లో ఇలా అడగండి: ముందు 0.5 మి.లీ.తో కోలినెస్టరేజ్, మిగిలిన 1.5 మి.లీ.తో ఎల్‌సీ-ఎంఎస్ మీద మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ట్రయజోఫాస్, కార్బోఫ్యూరాన్, వాటి జీవక్రియా పదార్థాలు. శాంపిల్ తీసిన సమయానికి ఒక్క డోసైనా అట్రోపిన్ పడి ఉంటే ఆ సమయం, మోతాదు కూడా రాయండి. ఈసారి రిపోర్ట్‌లో అది కనబడాలి.